జంట పోగు కంపెనీ

చదివేవాళ్ళకి ముందుగా ఒక మనవి. ఇందులో దీర్ఘం ఉండాల్సిన చోట లేకపోతే మీరే పెట్టుకుని చదవండి. ఒత్తు ఎక్కువైతే తీసేయండి. నేను అక్షరాలు నేర్చుకున్నది జుట్టు తెల్లబడ్డాక. ఒక్కో మాట రాయడానికి ఒక్కో గుండీ కుట్టినంత సేపు పడుతుంది నాకు. అందుకని కథ మెల్లగా నడిస్తే విసుక్కోకండి. దీర్ఘాల సంగతి ముందే ఎందుకు ఎత్తానంటే, ఒక దీర్ఘం నన్ను ఒక ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిప్పింది. అది తన చోటున వస్తుంది.

మా ఆయన దర్జీ. ముందు గది కొట్టు, వెనక గది కాపురం. ఆయన కత్తిరించి మిషన్ మీద కుట్టేవారు. గుండీలు, కాజాలు, హుక్కులు, అంచు మడతలు, చేత్తో చేసే పనంతా నాది. వీధిలో అందరూ నన్ను గుండీలమ్మ అనే పిలుస్తారు. పిలిచి పిలిచి అసలు పేరు వాళ్ళూ మర్చిపోయారు, నేనూ సగం మర్చిపోయాను.

ఒక్కోసారి నా చేతిలో పని లేనప్పుడు కూడా ఆయన వెనక గదిలోకి కేకేసేవారు.

"ఇలా వచ్చి కూర్చో."

"ఏం పనుంది?"

"పనికి కాదు. కంపెనీకి."

కంపెనీ అన్న మాట నేను మొదట విన్నది ఆయన నోట్లోంచే. పక్కన ఒక మనిషి ఊరికే కూర్చుంటే దాన్ని కంపెనీ అంటారు కాబోలు అనుకున్నాను. చాలా ఏళ్ళపాటు ఆ మాటకి నాకు తెలిసిన అర్థం అదొక్కటే.

ఆయన పోయాక కొట్టు మూయలేదు. బయటి దర్జీలు బట్టలు పంపేవాళ్ళు, గుండీలు కుట్టి ఇచ్చేదాన్ని. తర్వాత ఒకరి తర్వాత ఒకరు గుండీలు కుట్టే మిషన్లు తెచ్చుకున్నారు. సంచులు రావడం తగ్గింది, ఆ తర్వాత ఆగిపోయింది. సగం షట్టర్ ఎత్తి కూర్చునేదాన్ని. లోపలికి తొంగి చూసేవాళ్ళు అడ్రసు అడగడానికో టైము అడగడానికో తప్ప రారు. గోడకి గడియారం, కిటికీ కింద ఆయన మిషన్, మూడు కుర్చీలు. సాయంత్రం పూట గది మరీ నోరు మూసుకున్నట్టు ఉంటే మిషన్ మీది గుడ్డ తీసి, దారం ఎక్కించకుండా చక్రం చేత్తో తిప్పేదాన్ని. టకటకమని కాసేపు చప్పుడయ్యేది. మళ్ళీ గుడ్డ కప్పేదాన్ని.

ఇంటాయన మంచివాడే. కానీ రెండుసార్లు అడిగాడు. "గుండీలమ్మా, ముందు గది నీకు దేనికి చెప్పు? ఫోన్లు బాగుచేసే కుర్రాడొకడు అడుగుతున్నాడు. నువ్వు వెనక గదిలో ఉండు, పక్క సందులోంచి తలుపు పెట్టిస్తాను."

పక్క సందులోంచి తలుపంటే ఇక ఆ తలుపు తట్టేవాళ్ళు ఉండరు. టైము అడిగేవాళ్ళు కూడా ఉండరు. ఆ మాట ఆయనతో అనలేదు. "ఈ నెల చూసి చెప్తానండీ" అన్నాను.

ఆ నెలలోనే పెద్ద వీధి చివర ఉన్న ఆసుపత్రికి వెళ్ళాను, మోకాలి నొప్పికి. నాకు తొడిగిన గౌనుకి వెనక ముడి వేసుకునే నాడా ఊడిపోయి ఉంది. నా సంచిలో సూది ఎప్పుడూ ఉంటుంది. డాక్టరు వచ్చేలోపు కుట్టేశాను, పక్క మంచం ఆవిడ గౌనుకి కూడా కుట్టాను. అది చూసి బట్టల గది చూసుకునే ఆవిడ నన్ను లోపలికి తీసుకెళ్ళింది. నాడాలు లేని గౌన్లు, అంచు విడిపోయిన దుప్పట్లు, గుండీలు రాలిన నర్సుల కోట్లు అక్కడ గుట్టలు పడి ఉన్నాయి.

"ఏడాది పొడవునా ఇంతే వస్తాయి" అంది ఆవిడ. "ముగ్గురు కూర్చుని చేసినా తరగదు. నువ్వు చేస్తావా?"

నా కళ్ళముందు మూడు కుర్చీలు కనపడ్డాయి. "చేస్తానమ్మా."

"అయితే కంపెనీ పెట్టుకో. రిజిస్టరైన కంపెనీలకే ఇస్తాం. విడి మనుషులకి ఇవ్వం. నెలాఖరుకి జాబితా మూసేస్తారు."

విడి మనిషి. బజార్లో డబ్బాలో పోసి అమ్మే విడి గుండీలు గుర్తొచ్చాయి. ఒకదానికొకటి జత కుదరవు.

ఇంటికొచ్చి ముందు గదిలో కూర్చుని ఆలోచించాను. కంపెనీ అయితే పని వస్తుంది. పని వస్తే ఇద్దరు ఆడవాళ్ళని పెట్టుకోవచ్చు. వాళ్ళు పొద్దున్నే వస్తారు, చెప్పులు గుమ్మం దగ్గర విడుస్తారు, మిషన్ తిప్పుతారు, అత్తగారి మీద చెప్పుకుంటారు. నాకు కావలసింది అదే. పని అందుకు దారి.

కంపెనీలు రిజిస్టరు చేసే ఆఫీసు ఒక పాత మేడలో నాలుగో అంతస్తు. కింద వరండాలో దరఖాస్తులు నింపే ఒకాయన కంప్యూటర్ పెట్టుకుని కూర్చుంటాడు. లావు కళ్ళజోడు. అది ముక్కు మీదకి జారడం, ఆయన వేలితో పైకి నెట్టడం, ఇదే రోజంతా. అందరూ ఆయన్ని కళ్ళజోడు బాబు అంటారు.

"కంపెనీలో ఎంతమందమ్మా?"

"ఒక్కదాన్నే."

"అయితే ఏకవ్యక్తి కంపెనీ." టకటకా ఏదో కొట్టాడు.

"ఒక్కరే ఉంటే అది కంపెనీ ఎలా అవుతుంది బాబూ?"

ఆయన కళ్ళజోడు పైకి నెట్టి నన్ను చూశాడు. "చట్టంలో అవుతుందమ్మా."

"ఇంట్లో అవదు మరి" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు, నవ్వి ఊరుకున్నాడు.

ఏమేం కావాలో విడమరచి చెప్పాడు. మొదట పేరు. ఇంకెవరూ పెట్టుకోని పేరై ఉండాలి, చేసే పనికి తగ్గట్టు ఉండాలి. తర్వాత ఆఫీసు అడ్రసు, ఇంటాయన ఒప్పుకోలు కాగితం. తర్వాత ఏ పని చేస్తుందో రాసిచ్చే పత్రం. తర్వాత సంతకం.

సంతకం అనగానే నేను నిటారుగా కూర్చున్నాను. సాయంత్రం బడిలో పంతులమ్మ దగ్గర నా సంతకం వంకర పోకుండా నిలబడడానికి పలక మీద పలక అరిగింది. పెన్ను తీశాను.

"పెన్నుతో కాదమ్మా, డిజిటల్ సంతకం." అగ్గిపుల్ల కన్నా కాస్త లావు ముక్క ఒకటి కంప్యూటర్‌కి గుచ్చి చూపించాడు. "మీ సంతకం ఇందులో ఉంటుంది."

"నా చెయ్యి కదలకుండానే?"

"కదలకుండానే."

"అయ్యో రామా! నేను నేర్చుకునేదాకా ఆగి మరీ మార్చేశారన్నమాట." పక్కన నిలబడ్డవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను గానీ పెన్ను మూత పెడుతుంటే మనసు చివుక్కుమంది.

ఆఖర్న చెప్పాడు అసలు సంగతి. "ఒక్కరి కంపెనీ కదా. మీకేదైనా అయితే కంపెనీ ఎవరి చేతికి వెళ్ళాలో ముందే రాయాలి. నామినీ అంటారు. ఆ మనిషి ఒప్పుకుని సంతకం పెట్టాలి. అది పెన్నుతోనే."

"నామినీ అంటే?"

"మీ తర్వాత మనిషి. ఎవరున్నారు?"

పిల్లలు లేరని చెప్పాను. అన్నదమ్ములు? లేరు. అక్కచెల్లెళ్ళు? ఒక అక్క ఉండేది, పోయింది. ఆయన వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి.

"ఎవరో ఒకరు ఉంటారు లెండి" అన్నాడు మెల్లగా. "ఆలోచించుకుని తీసుకురండి. ఈలోపు పేరు పంపిద్దాం. ఏం పేరు?"

పేరు నేను ఇంటి దగ్గరే కాగితం మీద రాసి తెచ్చుకున్నాను. గుండీ ఎప్పుడూ రెండు పోగుల దారంతో కుట్టాలి. ఒంటి పోగు తొందరగా తెగుతుంది. మా ఆయన కొత్తవాళ్ళు ఎవరొచ్చినా మొదట చెప్పే మాట అదే, జంట పోగు వెయ్యి అని. అందుకని ఆ పేరు. కాగితం చేతికిచ్చి, "నేను రాసింది రాసినట్టే కొట్టండి బాబూ" అన్నాను, కాస్త గొప్పగా. ఆయన కాగితం వంక చూశాడు, నా వంక చూశాడు, కొట్టేశాడు.

మనిషి ముఖం, అసలు కాగితాలు సరిచూడడానికి ఒకసారి పైకి వెళ్ళాలన్నారు. ఆ మేడ లిఫ్టు పాతది, జాలీ తలుపుది. లోపల స్టూలు మీద ఒకావిడ కూర్చుని తలుపు లాగి మీట తిప్పుతుంది. నాకన్నా పదేళ్ళు చిన్నదేమో. బూడిదరంగు కోటు, పైన లిఫ్టు గుర్తు. మొహం గంటు పెట్టుకుని ఉంది.

"ఎన్నో అంతస్తు?"

"నాలుగు."

"కంపెనీయా, కోర్టు కాగితమా?"

"కంపెనీ."

"మొహం చూస్తే కోర్టనుకున్నా" అని తలుపు లాగింది.

నా కళ్ళు ఆవిడ కోటు మీదే ఉన్నాయి. రెండో గుండీ ఒంటి దారానికి వేలాడుతోంది. ఇవాళో రేపో రాలేలా ఉంది. అలాంటిది చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాదు. సంచిలోంచి సూది తీశాను.

"ఏంటది? ఏం చేస్తున్నారు?"

"గుండీ. ఊడిపోతోంది."

"ఊడనీండి. లిఫ్టు ఆపకూడదు."

"ఆపమన్నదెవరు? నువ్వు నీ మీట తిప్పుకో, నేను నా గుండీ కుట్టుకుంటా."

నాలుగో అంతస్తు వచ్చింది, జనం దిగారు, ఎక్కారు. నేను దిగలేదు. ఆవిడ తలుపు లాగుతుంటే నేనూ చెయ్యి వెంట కదిలాను. రెండు పోగులు, అడుగున ముడి, గుండీకి గుడ్డకి మధ్య కాస్త వదులు వదిలి ఆ వదులు చుట్టూ దారం చుట్టడం, పళ్ళతో తెంపడం. కోటు విప్పమనలేదు, మనిషి ఒంటి మీదే కుట్టాను. అంత దగ్గరగా ఇంకో మనిషి ఊపిరి విని ఎన్నాళ్ళయిందో.

"మీకేమన్నా పిచ్చా?" అంది ఆవిడ గుండీ పట్టుకుని గట్టిగా లాగి చూస్తూ. అది కదలలేదు. మళ్ళీ నాలుగో అంతస్తులో తలుపు తీసి, "దిగండి, ఇప్పటికి మూడుసార్లు తిరిగారు. టిక్కెట్టు కొట్టాలి మీకు" అంది. మొహం కొంచెం విచ్చుకుంది.

పైన ఆఫీసులో కూర్చునే మేడమ్ నా కాగితాలు, ముఖం చూసుకుని, నామినీ ఒప్పుకోలు తెచ్చాక మళ్ళీ రమ్మంది.

మా మరిది ఉండేది బస్సులో అరగంట దూరం. మా ఆయన పోయాక వాళ్ళింటికి వెళ్ళింది తక్కువే, గొడవలేం లేవు, దారి అలా సన్నబడిపోయింది అంతే. నన్ను చూసి తోటికోడలు కుర్చీ వేసింది. మరిది టీవీ చప్పుడు తగ్గించాడు. విషయం చెప్పాను.

"నేను డైరెక్టర్నట" అన్నాను నవ్వుతూ.

"మొన్న అక్షరాలొచ్చాయి, ఇవాళ కంపెనీ వచ్చింది" అంది తోటికోడలు. "రేపు విమానం కొంటారేమో అక్కయ్యా. మమ్మల్నీ ఎక్కించుకోండి."

"ఎక్కించుకుంటాను. ముందు మీ ఆయన్ని ఒక సంతకం పెట్టమను."

మరిది కాగితం అటూ ఇటూ తిప్పాడు. "వదినా, మీరంటే నాకు అన్నయ్యంత. కానీ సంతకమంటే... రేపు ఏదన్నా తేడా వస్తే నామీదకి రాదు కదా?"

"ఏం తేడా వస్తుంది? గౌన్లకి నాడాలు కుట్టడం."

"అదే, ఆసుపత్రి కదా. ఎవరికో ఏదో అయితే, నాడా వల్లే అని..."

"నాడా వల్ల ఎవరు పోతారయ్యా!"

లోపల్నించి తోటికోడలు కేకేసింది. "ఏవండీ, చదవకుండా దేనిమీదా పెట్టకండి!"

మరిది కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు. చాలా జాగ్రత్తగా, అది వేడిగా ఉన్నట్టు. "నా పేరు తప్ప ఇంకేదైనా అడగండి వదినా. మా ఇంటికొచ్చి ఉంటానన్నా కాదనను. వరండా ఖాళీగానే ఉంది."

టీ తాగి వచ్చేశాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని నాకు తెలిసిన మనుషులందర్నీ మనసులో వరస పెట్టాను. పంతులమ్మ కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది, ఆవిడ నంబరు మోగి మోగి ఆగిపోతోంది. ఇంటాయన ఒప్పుకోలు కాగితం మీద సంతకమైతే పెట్టాడు గానీ, ముందు గది కోసం ఇంకా చూస్తున్నాడు. పాల అబ్బాయి. మందుల కొట్టతను. వరస తొందరగానే అయిపోయింది. నా స్టాపు ఇంకా రాలేదు.

రెండు రోజుల తర్వాత కళ్ళజోడు బాబు ఫోన్ చేశాడు. "పేరు తిరిగొచ్చిందమ్మా. ఒకసారి రండి."

వెళ్తే ఆఫీసు వాళ్ళు రాసింది చదివి వినిపించాడు. "'జంట పొగ అన్న పేరుకూ, పేర్కొన్న పనికీ పొంతన లేదు. పొగ వెలువడే పని అయితే కాలుష్య శాఖ అనుమతి జతచేయవలెను.'"

"పొగేమిటి బాబూ?"

నా కాగితం తీసి చూపించాడు. నా చేత్తో నేనే రాశాను. పోగులో ఓత్వం పొట్టిది చేశాను, గుకి కొమ్ము మింగేశాను. జంట పొగ.

నాలుక కరుచుకున్నాను. "మరి మీరైనా చెప్పకపోయారా?"

"నేనూ అనుమానపడ్డానమ్మా. రాసింది రాసినట్టే కొట్టమన్నారు కదా, బ్రాండేమో అనుకున్నా. ఈమధ్య అన్ని పేర్లూ అలాగే ఉంటున్నాయి."

సవరణ కాగితం పైకి తీసుకెళ్ళి మేడమ్‌కి నేనే ఇవ్వాలన్నాడు. లిఫ్టులో ఎవరూ లేరు, ఆవిడ తప్ప. మళ్ళీ ఎందుకొచ్చానని అడిగింది. చెప్పాను. రెండో అంతస్తు దగ్గర ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. మూడో అంతస్తు దగ్గర మీట వదిలేసి పొట్ట పట్టుకుంది. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది.

"జంట పొగ! మీరొకటి, ఇంకొకరొకటి తాగుతారేమో అనుకునుంటారు పైన!"

"చాల్లే, నడుపు."

"ఉండండి, ఊపిరి ఆడట్లేదు." కళ్ళు తుడుచుకుంది. "ఇందులో ఒకళ్ళు నవ్వి ఎన్నేళ్ళయిందో. అందరూ పై చూపే, నంబర్లు చూసుకుంటూ నిలబడతారు."

లిఫ్టు ఆగే ఉంది. పైన ఎవరో గంట కొడుతున్నారు. ఆవిడ పట్టించుకోలేదు, నేనూ దిగే తొందరలో లేను. ఆ ఇనప పెట్టెలో ఇద్దరం గాలిలో వేలాడుతున్నాం. కోటు మీద నేను కుట్టిన గుండీ సరిగ్గా ఉంది.

అడిగేశాను. ముందు అనుకుని అడిగింది కాదు. "నిన్నొకటి అడుగుతాను, కాదంటే కాదను. నా తర్వాత మనిషిగా నీ పేరు రాయనా?"

నవ్వు ఆగిపోయింది. "ఏంటి?"

నామినీ సంగతి చెప్పాను. మరిది సంగతి కూడా. ఆవిడ మీట మీద చెయ్యి వేసి, తిప్పకుండా విన్నది.

"మీకు నేనెవరో తెలీదు."

"తెలీదు."

"దొంగనేమో."

"దొంగవైతే ఏం ఎత్తుకెళ్తావు, సూదులు తప్ప ఏమున్నాయి అక్కడ?"

"అంటే... మీరు పోయాక నేనేం చెయ్యాలి?"

"ముందు గది తాళం తియ్యాలి. ఇద్దరు ఆడవాళ్ళు పనికొస్తారు, వాళ్ళని గుమ్మంలో నిలబెట్టకూడదు. తర్వాత నీకు నడపబుద్ధయితే నడుపు, లేకపోతే మూసెయ్యి. అప్పులేం ఉంచను."

"నాకు కుట్టడం రాదు."

"నాకు లిఫ్టు తోలడం రాదు."

పైన గంట గట్టిగా మోగింది. ఆవిడ మీట తిప్పింది. నాలుగో అంతస్తులో తలుపు తీస్తూ, నా మొహం చూడకుండా అంది. "ఉద్యోగంలో చేరినప్పుడు ఒక కాగితమిచ్చారు. ఏదైనా జరిగితే ఎవరికి చెప్పాలి అని. ఏటా మళ్ళీ ఇస్తారు. ఏటా నేను ఎవరూ లేరు అని రాసిస్తా." జాలీ తలుపు పట్టుకుని నిలబడింది. "ఈసారి మీ పేరు రాస్తాను. అట్లాగైతే పెడతా సంతకం."

"రాయి" అన్నాను.

"నంబరు చెప్పండి మరి. వట్టి పేరు రాస్తే వాళ్ళు ఒప్పుకోరు."

మర్నాడు భోజనాల వేళ ఆవిడ నన్ను నాలుగో అంతస్తుకి తీసుకొచ్చి, అక్కడే లిఫ్టుకి గొలుసు వేసి నాతో పాటు దిగింది. రోజూ వందసార్లు ఆ అంతస్తుకి వచ్చే మనిషి, గుమ్మం దాటి లోపలికి రావడం అదే మొదటిసారట. కుర్చీ అంచున కూర్చుంది. మేడమ్ ఒప్పుకోలు పత్రం ముందు పెట్టింది. ఆవిడ గబగబా సంతకం పెట్టేసింది. నేను నింపాల్సిన గడి ఒకటే మిగిలింది, నామినీతో సంబంధం అని. దాన్ని నా చేత్తోనే రాయాలన్నారు.

పెన్ను పట్టుకున్నాను. అక్క కాదు, చెల్లెలు కాదు, వదిన కాదు. స్నేహితురాలు అని రాద్దామంటే ఆవిడ ఇల్లెక్కడో కూడా నాకు తెలీదు. అదీగాక ఆ మాటలో ఒత్తు ఎక్కడ వస్తుందో నాకు నమ్మకం లేదు. లిఫ్టావిడ నా చేతివైపు చూస్తోంది, మేడమ్ గడియారం వైపు చూస్తోంది. నాకు తెలిసిన ఒకే మాట వచ్చింది. ఒక్కో అక్షరం చూసుకుంటూ రాశాను.

మేడమ్ కాగితం తిప్పుకుని చూసింది. "ఇక్కడ కంపెనీ పేరు కాదమ్మా, సంబంధం రాయాలి."

"అదేనండీ రాశాను."

"'కంపెనీ' అని రాశారు."

"అవునండీ."

మేడమ్ కోప్పడలేదు. కంప్యూటర్ మా వైపు తిప్పి చూపించింది. తండ్రి, తల్లి, భర్త లేక భార్య, కొడుకు, కూతురు, తోబుట్టువు, ఇతరులు. "ఇందులో ఉన్నవే తీసుకుంటుందమ్మా ఇది. నేనేం చెయ్యను?" అని ఇతరులు దగ్గర నొక్కింది. కాగితం మీద నేను రాసింది మాత్రం కొట్టెయ్యలేదు.

బయటికి వచ్చాక లిఫ్టావిడ గొలుసు విప్పుతూ అంది. "ఇతరులు! ఇంత చేస్తే ఇతరులంట." నన్ను ఎక్కించుకుని తలుపు లాగింది. "కిందకేనా?"

"కిందకే."

ఈసారి పేరు తిరిగి రాలేదు. నెలాఖరుకి ఒక రోజు ముందు పత్రం వచ్చింది, పెద్ద నంబరుతో, గుండ్రటి ముద్రతో. పోగు అని సరిగ్గా ఉంది. అయినా వేలు పెట్టి దీర్ఘం, కొమ్ము రెండూ చూసుకున్నాను. ఆసుపత్రి బట్టల గది ఆవిడ పత్రం నకలు తీసుకుని, దుప్పట్లు వేరే వాళ్ళకి వెళ్ళాయని, గౌన్లు, కోట్లు మాత్రం నాకని చెప్పింది. అది ముగ్గురికి సరిపోదు. ఇద్దరికి సరిపోతుంది, నాతో కలిపి. ఇంటాయనకి ముందు గది ఇవ్వనని చెప్పాను.

కొత్తగా పనికొచ్చిన అమ్మాయి నెమ్మదస్తురాలు. నేను అనుకున్నట్టు అత్తగారి మీద చెప్పుకోదు. చెవుల్లో తీగలు పెట్టుకుని ఏవో పాటలు వింటూ మిషన్ తొక్కుతుంది. పిలిస్తే రెండోసారికి వినపడుతుంది. కానీ పొద్దున్నే గుమ్మం దగ్గర చెప్పులు విడిచిన చప్పుడు వినపడుతుంది నాకు, వెనక గదిలో ఉన్నా. సాయంత్రం ఆ అమ్మాయి వెళ్ళాక గది మళ్ళీ గదే. మూడో కుర్చీ మీద ఉతికిన గౌన్లు పెడుతున్నాను.

లిఫ్టావిడ మా ఇంటికి ఇంతవరకు రాలేదు. వస్తానంటుంది, సెలవు రోజు నిద్రకే చాలదంటుంది. నేను ఆ మేడకి వెళ్ళే పని ఏడాదికొకసారే, లెక్కలు ఇవ్వడానికి. అయితే వారానికోసారి ఫోన్ వస్తుంది, మధ్యాహ్నం పూట. అవతల జాలీ తలుపు చప్పుడు వినపడుతూ ఉంటుంది.

"బతికే ఉన్నారా డైరెక్టర్ గారూ?"

"ఉన్నాను. నువ్వు?"

"పైకీ కిందకీ తిరుగుతూనే ఉన్నా. నాకు తాళాలు ఇచ్చే తొందరేం లేదుగా?"

"లేదు."

"సరే అయితే. నాలుగోకి ఎవరో గంట కొడుతున్నారు."

పెట్టేస్తుంది. అంతే మాటలు. మొన్న వారం ఫోన్ రాలేదు. రెండు రోజులు చూశాను, మూడో రోజు నేనే చేశాను. జలుబట. గొంతు బొంగురుపోయి మాట్లాడలేకపోతోంది, ఉద్యోగానికి వెళ్ళలేదట. "నువ్వు మాట్లాడకు, ఊరికే పట్టుకో" అన్నాను. ఫోన్ మిషన్ పక్కన పెట్టి నాడాలు కుట్టుకున్నాను. అవతల దగ్గు, ఇవతల మిషన్. సంచి అయ్యేదాకా ఇద్దరం పెట్టెయ్యలేదు.

ఇట్లు,
గుండీలమ్మ.
వయసు అరవై నాలుగు.
ఉండేది కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసులోనే, వెనక గదిలో. తలుపు ముందు గదిలోంచే.